ఆ పచ్చ కాదు, ఈ పచ్చ

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. పళ్ళ డాక్టర్లు అచ్చులు పంపిస్తారు, నేను పళ్ళు పంపిస్తాను. పని బాగా కుదిరితే జనం డాక్టరును మెచ్చుకుంటారు, కుదరకపోతే డాక్టరు నన్ను తిడతాడు. నాదీ అని చెప్పుకోవడానికి లోకంలో ఏదో ఒకటి ఉండాలి కదా అని, ఖాళీ దొరికినప్పుడల్లా బుల్లి ఇళ్ళు, బుల్లి దుకాణాలు చేసి రంగులు వేస్తుంటాను. సబ్బుపెట్టెంత ఇల్లు, తీస్తే తెరుచుకునే కిటికీలు, ఆవగింజంత తాళంకప్పలు. ముప్పై అయిదేళ్ళ మగవాడు చేసే పనేనా ఇది అని మా ఇంట్లో అందరి అభిప్రాయం. నేను ఎవరి అభిప్రాయమూ అడగలేదు.

మా బాబాయి దర్జీ. బజారంతా ఆయన్ని మాస్టారు అంటుంది. నలభై ఏళ్ళు కుట్టాక, నడుము ఇంక నావల్ల కాదంటోందని దుకాణం మూసేస్తున్నాడు. ఆదివారం పొద్దున బజారు వాళ్ళంతా కలిసి ఆయనకు వీడ్కోలు ఏర్పాటు చేశారు. దానికి నా వంతుగా ఆయన మొట్టమొదటి దుకాణం బొమ్మ చేసిద్దామనుకున్నాను. ఆ దుకాణం నేను పుట్టకముందే రోడ్డు వెడల్పు చెయ్యడంలో పోయింది. మిగిలిన ఒక్క ఫోటో నలుపు తెలుపు. అందుకని బాబాయి పది సాయంత్రాలు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, గోడ ఇలా ఉండేది, బల్ల అలా ఉండేది అని చెబుతుంటే నేను చేసుకుంటూ పోయాను. అరుగు మీద మెళ్ళో టేపుతో కూర్చున్న బుల్లి బాబాయిని కూడా పెట్టాను. ఎవరో డాక్టరు వెనక్కి పంపిన దవడ పన్నొకటి ఉంటే దాన్నే చెక్కి బాబాయిని చేశాను. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు.

తలుపు రంగేమిటంటే పచ్చ అన్నాడు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ పచ్చే. లేత ఆకుపచ్చ కలిపి రెండు రెక్కలకూ వేసి చూపించాను. కళ్ళజోడు ఎత్తి చూశాడు, దించి చూశాడు. "అచ్చం మన తలుపేరా" అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను. శుక్రవారం సాయంత్రం బొమ్మను చేతుల్లో పెట్టుకుని నడిచే ఇంటికి తీసుకెళ్ళాడు.

శనివారం పొద్దున పిన్ని వచ్చింది. గుడ్డసంచిలోంచి బొమ్మను తీసి నా బల్ల మీద పెట్టి, వెనక్కి వెళ్ళి గది గడియ వేసింది. పిన్ని గడియ వేసిందంటే ఎవరికో మూడిందని మా వంశంలో అందరికీ తెలుసు.

"ఈ తలుపుకి రంగు తీసెయ్. తలుపుకొక్కదానికే. మిగతాదేదీ ముట్టుకోవద్దు" అంది.

కారణం అడిగాను. రంగు తప్పంది. నాకు ఒళ్ళు మండింది. పచ్చ వెయ్యమన్నారు, పచ్చ వేశాను, చూపించాను, బాగుందనిపించుకున్నాను, ఇంక ఇందులో నా తప్పేముందని గట్టిగానే అడిగాను. పిన్ని నా అరుపును కిటికీలోంచి వచ్చే గాలిలా పోనిచ్చింది. సంచిలోంచి దారం రీలొకటి తీసి తలుపు పక్కన పెట్టింది. పసుపుపచ్చ దారం.

"పచ్చే. కానీ ఆ పచ్చ కాదు, ఈ పచ్చ."

మన మాటల్లో ఇంత మోసకారి మాట ఇంకోటి ఉండదు. వాన పడితే పొలం పచ్చబడుతుంది, కామెర్లు వస్తే మనిషి పచ్చబడతాడు. చిలకా పచ్చనే, బంగారమూ పచ్చనే. రెండు వేర్వేరు రంగులకు ఒకే మాట తగిలించి వదిలేసిన పెద్దలెవరో గానీ, వాళ్ళు జన్మలో తలుపుకు రంగు వేయించి ఉండరు. ఇదంతా నేను పైకే అన్నాను. చివర్లో, అంత తేడా ఉంటే బాబాయి చూసినప్పుడే చెప్పాలి కదా, కళ్ళు పెట్టుకుని చూశాడు కదా అన్నాను.

పిన్ని బాబాయి స్టూలు మీద కూర్చుంది.

"ఆయనకి తెలీదురా. ఆ రెండూ ఆయన కంటికి ఒకటే" అంది.

నాకు వెంటనే ఎక్కలేదు. మా బాబాయికి పుట్టుకతోనే రంగులు సరిగా తెలియవట. లేత ఆకుపచ్చకూ పసుపుపచ్చకూ తేడా కనపడదు, ఎరుపును గోధుమరంగు అంటాడు. అలాంటి మనిషి నలభై ఏళ్ళు దర్జీ పని చేశాడు. గుడ్డకు దారం ఎంచేది పిన్ని. ప్రతి రీలు లోపలా పెన్సిలుతో రంగు పేరు రాసేది, ప్రతి గుడ్డ అంచునా చిన్న కాగితం గుచ్చేది. ఎవరైనా ఉన్నపళాన రంగు గురించి అడిగితే బాబాయి పచ్చ అని గట్టెక్కేసేవాడు, సగం సార్లు అది నిజమయ్యేది. పెళ్ళయిన రెండో ఏట ఈ సంగతి తనే పిన్నికి చెప్పుకుని ఏడ్చాడట. దాచిపెట్టి నిన్ను చేసుకున్నాను, మోసం చేశాను అని ఇప్పటికీ అప్పుడప్పుడు తల్చుకుని బాధపడుతుంటాడట.

"రేపు బజారంతా వస్తుంది. మైకు కూడా వస్తాడు" అంది పిన్ని.

అప్పుడు నాకు విషయం బోధపడింది. మైకు అంటే బాబాయి దుకాణానికి ఎదురుగా రంగుల దుకాణం పెట్టుకున్న పెద్దాయన. పాత బజారులోనూ ఎదురే, కొత్త బజారులోనూ ఎదురే. ఆయన చెవిన పడ్డ మాట వీధి చివరకు చేరడానికి ఆయన ఒక్కసారి దగ్గితే చాలు. పైగా ఆయనకు లోకంలో కనపడేవి రంగులే. మనుషుల్ని కూడా గోడల్లాగే చూస్తాడు. రేపు తిన్నగా తలుపు దగ్గరికే వస్తాడు, ఇది పసుపుపచ్చ తలుపు కదా, ఆకుపచ్చ ఎందుకు వేశారు అంటాడు. బాబాయి, అచ్చం మన తలుపే కదయ్యా అంటాడు. అంతే, అక్కడితో అయిపోతుంది. నలభై ఏళ్ళుగా కుట్టించుకున్న వాళ్ళందరూ ఇళ్ళకెళ్ళి కోట్లు, చొక్కాలు తిరగేసి దారం రంగు కలిసిందో లేదో చూసుకుంటారు. పని వదిలి వెళ్ళిపోయే రోజున ఆయన పేరు పోతుంది. పిన్నికి ఉన్న భయం అదొక్కటే. ఆ క్షణం నుంచీ నాకూ అదే పట్టుకుంది.

సైన్‌బోర్డు ఊడింది, అతికించుకొస్తానని బాబాయికి చెప్పి వచ్చిందట. సాయంత్రంలోగా ఇచ్చెయ్యాలి.

పైన పసుపుపచ్చ కొట్టేస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సరిపోదు. పసుపుపచ్చ బలహీనమైన రంగు, కిందున్న ఆకుపచ్చ తొంగిచూస్తూనే ఉంటుంది. పైగా ఆ తలుపు రెక్కల మీద పలకలు కలిసిన గీతలు సూదితో గీశాను. ఇప్పటికే మూడు పూతలు పడి అవి సగం పూడిపోయాయి. ఇంకో రెండు పూతలు పడితే రెక్కలు మందమెక్కి మూసుకోవు. కాబట్టి ఉన్న రంగు తియ్యాల్సిందే. తలుపేమో బొటనవేలి గోరుకి కాస్త పెద్దది. చుట్టూ ముదురు రంగు గుమ్మం, తెల్ల గోడ, పైన సైన్‌బోర్డు మీద ఒంటి వెంట్రుక బ్రష్షుతో రాసిన అక్షరాలు, పక్కన అరుగు మీద బాబాయి. రంగు తీసే స్పిరిట్‌కు ఇది తలుపు, ఇది గోడ అనే విచక్షణ ఉండదు.

పళ్ళ పనిలో వాడే గులాబీ మైనం ఉంది కదా, దాన్ని వేడిచేసి గుమ్మం మీదా, గోడ మీదా పూసి తలుపొక్కటే బయటికి కనపడేలా మూసేశాను. పళ్ళపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, పిండి, రెక్క మీద దొర్లించాను. రుద్దకూడదు. రుద్దితే మెత్తబడ్డ రంగు గీతల్లోకే పోయి కూర్చుంటుంది. ఒకసారి దొర్లించిన దూదిని పారేసి కొత్త దూది చుట్టాలి. పిన్నికి ఆ పని అప్పగించాను. నలభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన చెయ్యి, నేను అడక్కముందే పుల్ల అందించేది. ఇంత మంచి అసిస్టెంటు పళ్ళ డాక్టర్లలో ఎవరికీ లేదు.

రెండు రెక్కలూ ఒకేసారి తీసేద్దామన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. ముందు ఒక రెక్క చేసి చూపించు, రంగు కుదిరాకే రెండోది అంది. దర్జీ ఇల్లాలు, ట్రయల్ చూడకుండా దేన్నీ పూర్తి కానివ్వదు. సరేనని ఎడమ రెక్క శుభ్రం చేశాను. గీతలన్నీ మళ్ళీ బయటపడ్డాయి. దారం రీలు పక్కన పెట్టుకుని రంగు కలిపి, పల్చగా రెండు పూతలు వేసి, ఊదిఊది ఆరబెట్టాను. ఎడమ రెక్క పసుపుపచ్చ, కుడి రెక్క ఆకుపచ్చ. పిన్ని ముందుకు వంగి చూసింది. చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. రంగు కుదరలేదా అని కంగారుపడ్డాను.

"నేను మొదటిసారి చూసినప్పుడు ఇలాగే ఉందిరా" అంది.

అప్పటికి వాళ్ళకు పెళ్ళి కాలేదు. వాళ్ళ నాన్న కోటు సరిచేయించడానికి పిన్ని ఆ కొత్త దుకాణానికి వెళ్ళింది. తలుపు ఒక రెక్క ఆకుపచ్చ, ఒక రెక్క పసుపుపచ్చ. ఇదేం సోకండీ అని అడిగితే, లోపలున్న కుర్రాడు తలెత్తి, ఏం, పచ్చ బాగాలేదా, నేనే వేశాను అన్నాడు. ఆ ముఖంలో ఎగతాళి లేదు. పిన్ని తలుపు వంక చూసింది, ఆయన వంక చూసింది, ఆమెకు అర్థమైపోయింది. ఏమీ అనలేదు. వారం తర్వాత కోటు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు చిన్న డబ్బాతో పసుపుపచ్చ రంగు పట్టుకెళ్ళి, ఈ రెక్కకి పూత పల్చగా పడింది, ఇంకోసారి వేస్తానని ఆకుపచ్చ రెక్కను మూసేసింది. ఆ తర్వాత కోటు చేతులు పొడవయ్యాయని ఒకసారి, పొట్టయ్యాయని ఒకసారి వెళ్ళింది. చివరికి పెళ్ళయింది.

మరి నీకు పెళ్ళికి ముందే తెలుసని బాబాయికి చెప్పావా అన్నాను. చెప్పలేదంది. ఎందుకని అడిగితే, ఆ రెండో రెక్క సంగతి చూడు, టైమవుతోంది అంది.

చూశాను. మనసు ఆ కోటు దగ్గరే ఉండిపోవడంతో దూది సరిగా పిండలేదు. పుల్ల కుడి రెక్కకు ఆనకముందే స్పిరిట్ చుక్క ఒకటి కారి, మైనం అంచు కిందగా దూరి, తిన్నగా అరుగు మీద కూర్చున్న బాబాయి దగ్గరికి పోయింది. నేను దూదితో అద్దేసరికి ఆలస్యమైంది. బాబాయి ప్యాంటు పోయింది. ముదురు నీలం ప్యాంటు ఉండాల్సిన చోట, నడుము నుంచి పాదాల దాకా మంచి దంతాల తెలుపు బయటపడింది.

"ఊరందరికీ ప్యాంట్లు కుట్టినాయనకి ఇదేం కర్మరా" అంది పిన్ని.

సరిగ్గా అప్పుడే తలుపు తట్టారు. నా గది తలుపు. బాబాయి గొంతు, సైన్‌బోర్డు అతకడానికి ఇంతసేపా అంటోంది. పిన్ని స్పిరిట్ సీసాను సంచిలో వేసుకుంది. నేను మైనం ఒలిచేసి, దూది ఉండలన్నీ సొరుగులోకి తోసి గడియ తీశాను. బాబాయి వచ్చి బొమ్మను చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్ళజోడు ఎత్తాడు, దించాడు. తలుపు దగ్గర ఆయన చూపు ఆగనే లేదు. అరుగు దగ్గర ఆగింది.

"నాకు తెల్ల ప్యాంటు ఎప్పుడుందిరా?"

ఆ ఒక్కటీ ఆయన కంటికి కనపడుతుంది మరి. నిన్నటిదాకా లక్షణంగా ఉన్న మనిషిని ఇలా చేశావు, సైన్‌బోర్డు అతికించమంటే ప్యాంటు ఊడదీశావు, ఇంక దీని మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాడు. ఇంకో గంట ఇస్తే సరిచేస్తానని బతిమాలాను. గంట ఇస్తే చొక్కా కూడా తీసేస్తావు అన్నాడు. ఒక రెక్క పని మిగిలిపోయిందని చెప్పలేను, చెబితే ఏం పని అంటాడు. పిన్ని నా వంక, నేను పిన్ని వంక చూసుకుంటుండగానే ఆయన బొమ్మను ఒళ్ళో బిడ్డలా పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

రెండు రంగుల తలుపుతో మా బాబాయి పరువు నడిచి వెళ్ళిపోతోంది. ఆ రాత్రి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని పడుకున్నాడని పిన్ని పొద్దున్నే ఫోను చేసి చెప్పింది. రంగు సీసా, బ్రష్షు జేబులో వేసుకుని వెళ్ళాను గానీ, దుకాణానికి చేరేసరికే బొమ్మ కత్తిరింపుల బల్ల మధ్యలో ఉంది, చుట్టూ జనం ఉన్నారు. కుట్టు మిషన్లకు గుడ్డలు కప్పేశారు. రీళ్ళ అర ఖాళీగా ఉంది. పిన్ని బొమ్మకు అడ్డంగా నిలబడి అందర్నీ కాఫీ తాగమంటోంది.

మైకు వచ్చాడు. పిన్ని కప్పు అందించబోతే పక్కకు తప్పుకుని, తిన్నగా బల్ల దగ్గరికి పోయి నడుము వంచాడు. తలుపు చూశాడు. ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్ళి చూశాడు. ఆయన మాట్లాడకుండా అంతసేపు ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

మైకు నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. బజారు బజారంతా ఆయన వైపు తిరిగింది.

"ఇది ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పేస్తాను" అన్నాడు.

చెప్పాడు. దుకాణం పెట్టి అప్పటికి ఆయనకు నెల కూడా కాలేదట. మాస్టారు వచ్చి పచ్చ రంగు రెండు డబ్బాలు అడిగితే, తొందరలో చూసుకోక ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపుపచ్చ ఇచ్చేశాడట. మర్నాడు దుకాణం తెరిచి చూస్తే ఎదురుగా రెండు రంగుల తలుపు. వారం రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు ఇప్పుడొచ్చి కేకలేస్తాడు, ఇంక కొత్త దుకాణం గడప ఎవరూ తొక్కరు అని. మాస్టారు రోజూ వచ్చాడు, నమస్కారం పెట్టాడు, వెళ్ళిపోయాడు. అడగలేదు. తర్వాత చూస్తే తలుపు మొత్తం పసుపుపచ్చ. అప్పుడూ అడగలేదు. ఊళ్ళో అందరి తప్పులూ నలభై ఏళ్ళు చాటింపు వేసిన మనిషి తన తప్పొక్కటీ కడుపులో దాచుకున్నాడన్నమాట.

"ఒక్క మాట అనలేదు. ఇవాళ్టికి కూడా నోటితో అనకుండా, ఇలా బొమ్మలో పెట్టి చూపించాడు. అంత పెద్ద మనసు నేనెక్కడా చూడలేదు" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. బాబాయి మాత్రం కదలలేదు. తలుపు వంక చూశాడు. చూసి లాభం లేదని ఆయనకూ తెలుసు. మెల్లగా తలెత్తి పిన్ని వంక చూశాడు. ఆయన ముఖంలో ఒకదాని తర్వాత ఒకటి లెక్కలు కుదురుకోవడం నాకు కనపడింది. అందరూ ఏదో ఒకటి చెప్పమంటే లేచి నిలబడ్డాడు.

"రెండూ పచ్చే కదా, ఏమని అడగను?" అన్నాడు.

దుకాణం దద్దరిల్లేలా నవ్వారు. మైకు అందరికంటే గట్టిగా నవ్వాడు. అది హాస్యం కాదని ఆ గదిలో ముగ్గురికే తెలుసు.

అందరూ వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. నేను ఒక మూల కూర్చుని బుల్లి బాబాయికి నీలం ప్యాంటు వేస్తున్నాను. వాళ్ళిద్దరూ మిషన్ల దగ్గర కూర్చున్నారు. నేనున్నానని బాబాయి పట్టించుకోలేదు.

"మీ నాన్న కోటు తెచ్చింది ఆ వారమే కదూ?"

"ఆ వారమే."

"తలుపు చూశావా?"

"తోసుకునే కదండీ లోపలికొచ్చాను."

బాబాయి టేపును వేలికి చుట్టి విప్పాడు.

"మరి నేను ఏడ్చి చెప్పిన రోజున ఏమీ తెలీనట్టు కూర్చున్నావే."

"మీరు చెప్పుకుంటున్నారు. మధ్యలో ఆపడం దేనికని విన్నాను."

"అయితే నేను నిన్ను మోసం చెయ్యలేదు" అన్నాడు, ఆ మాట తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

"మీరెక్కడ చేశారు. చేసింది నేను" అంది పిన్ని.

నేను వేస్తున్న ప్యాంటు అంచు వంకర పోయింది. బాబాయి లేచి ముఖం కడుక్కుని వచ్చి, నా చేతిలోంచి బొమ్మ తీసుకున్నాడు. ఏ రెక్క ఏ రంగని పిన్నిని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆయన అలా అడగడం అదే మొదలనుకుంటాను. పిన్ని ఆయన చూపుడువేలు పట్టుకుని ఎడమ రెక్క మీద పెట్టింది, ఇది పసుపుపచ్చ అంది. కుడి రెక్క మీద పెట్టి ఇది ఆకుపచ్చ అంది. బాబాయి వేలు రెండు రెక్కల మీదా మెల్లగా తిరిగింది. గుడ్డను తడిమి నేతను చెప్పే వేలు అది. ఎడమది గీతలు గీతలుగా ఉంది, కుడిది నున్నగా ఉంది అన్నాడు. రంగు తీసింది ఎడమ రెక్కకే కదా, దాని గీతలు బయటపడ్డాయి, కుడిదాని గీతలు ఇంకా పూతల కిందే ఉన్నాయి అని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, బొమ్మను అటూ ఇటూ తిప్పి, మళ్ళీ తడిమి, ఇది ఆకుపచ్చ, ఇది పసుపుపచ్చ అన్నాడు. రెండూ సరిగ్గా చెప్పాడు. పిన్ని ముఖం పక్కకు తిప్పుకుంది.

స్పిరిట్ సీసా పిన్ని సంచిలో ఇంకా అలాగే ఉంది. పోనీ ఆ రెండో రెక్క కూడా తీసేసి పని పూర్తి చెయ్యనా అని అడిగాను.

"అదీ తీసేస్తే నాకెలా తెలుస్తుందిరా?" అన్నాడు బాబాయి.